ఫొటో లేని ఆర్డరు

మా షెడ్డులో గొప్పవాళ్ళంతా ఒకే వరసలో ఎండుతారు.
వేలు చూపించేవాళ్ళు కొందరు,
చంకలో పుస్తకం ఇరికించుకున్నవాళ్ళు కొందరు.
కళ్ళజోళ్ళు మటుకు ఆఖర్న పెడతాను, ఇనపతీగతో,
ముందే పెడితే మా ఏసుపాదం నిచ్చెన తగిలించి విరగ్గొడతాడు.
ముప్పయ్యేళ్ళుగా ఇదే పని.
ఫొటో ఇస్తారు, అడ్వాన్సిస్తారు,
కాలవ బంకమన్ను తడిపి
ముక్కు దగ్గర మొదలెడతాను.

ఈతలంక వాళ్ళు ఫొటో తేలేదు.
పడవ దిగొచ్చిన ఏడుగురు మనుషులు, ఒక పనసకాయ.
"పినపోతు కాసులమ్మ గారి విగ్రహం కావాలండీ."
ఎవరావిడ, ఏ పార్టీ?
"పార్టీ కాదండీ,
రేవులో తాటిచెట్టుకి గాట్లు పెట్టేదండీ."

వరదకో గాటు.
ఏట్లో ఎర్రనీరు దిగితే మొదటి చూపు ఆవిడది.
నురగ ఎటువాటంగా తిరుగుతోందో,
చీమలు గుడ్లు కరుచుకుని ఎంతెత్తుకి పోతున్నాయో,
నీటికోడి ఏ రెల్లుదుబ్బులోకి కాపురం మార్చిందో చూసి
తింటున్న కూడు వదిలేసి
అదే పళ్ళెం కడిగి వాయించేది.
కచేరీ నుంచి కబురు
మర్నాడు సైకిలెక్కి వచ్చేది, పాపం,
అవతలి రేవు దాకా.

ఆశ్లేష కార్తెలో ఆ పెద్ద వరదకి
గేదెలు పోయాయి, అరటితోటలు పోయాయి,
లంక పొగాకు మండెలు మండెలే కొట్టుకుపోయాయి.
మనిషి పోలేదు.
మూడువందల పన్నెండుమందినీ వేళ్ళమీద లెక్కేసి
ఒకటి తక్కువొచ్చిందని
ఆఖరి పడవ దిగి వెనక్కెళ్ళిందట,
మంచం పట్టిన మంగలి గున్నయ్యని
వీపున వేసుకొచ్చిందట,
దారంతా తిడుతూనే.

"చదువుకుందా?"
"వేలిముద్రండీ."
"మరి చేతిలో ఏం పెట్టమంటారు?"
సర్పంచి గారు పుస్తకమే పెట్టమన్నారు,
నలుగురిలో నిండుగా ఉంటుందని.
వెనకనుంచి ఒక ముసలామె
ఎవరివైపూ చూడకుండా
"మచ్చుకత్తి" అంది.

ముఖం దగ్గరే తిప్పలొచ్చింది.
బుగ్గన అమ్మవారి మచ్చలన్నాడొకడు,
ఉత్తదే, నున్నటి మొహం అన్నాడింకొకడు.
మనవరాల్ని తెచ్చి నిలబెట్టారు,
ఆ పిల్ల ఎంతసేపూ నవ్వు ఆపుకోలేకపోయింది.
ఒకాయనకి గొంతు తప్ప ఏమీ గుర్తులేదు.
మూడుసార్లు మన్ను చెరిపేశాను.
నాలుగోసారి ముఖం సంగతి వదిలేసి
నీళ్ళమీద ఎండ పడితే
కళ్ళు ఎలా చికిలిస్తామో అది చేశాను.
ముసలామె చాలాసేపు నిలబడింది.
"అది కాదు గానీ, చూపు దాందే."

దిమ్మ పదడుగులుండాలన్నారు, సెంటర్లో నాయకుడికున్నట్టు.
ముసలామె ఒప్పుకోలేదు.
ఏ గాటు దగ్గరికి నీళ్ళొస్తే పళ్ళెం అందుకునేదో
ఆ ఎత్తునే ఉండాలంది కాళ్ళు.
తాడిచెట్టు ఏటికోతలో ఏనాడో పోయింది.
"పెళ్ళినాడు నా నడుమెత్తు" అంది.
ఇప్పుడు నడుమే లేదు ఆవిడకి, అంతా ఒంగిపోయింది.
గోడకి ఆనించి, గెడ్డం పట్టి లేపి,
ఏసుపాదం టేపు పెట్టాడు.
మూడడుగుల రెండంగుళాలు.
"మరీ ఇంత పొట్టి దిమ్మా, పరువేం కాను" అని
సర్పంచి గారు సిగరెట్టు పారేశారు.

పుట్టినతేదీ తెలీదు, పోయినతేదీ మీద గొడవ.
రాయిమీద పేరు చెక్కి, కింద ఒక్క ముక్క:
కాళ్ళు తడిస్తే బయల్దేరండి.

ఇంకా నాలుగువేలు బాకీ ఉన్నారు, అడగలేదు.
నిన్న రాత్రి భద్రాచలం దగ్గర నీళ్ళు లేచాయని రేడియోలో విన్నాక
షెడ్డులో లైటేసి కూచున్నాను.
ఇందరి వేళ్ళు ఎత్తి ఉన్నాయి గదా,
ఒక్కటీ ఏటివైపు లేదు.
తెల్లారగట్ల ఫోను మోగింది, ఈతలంక నుంచి.
వెనకాల పడవ మోటారు చప్పుడు.
"పడుకోండి మాస్టారూ,
జానెడుందండీ ఇంకా."